ఎన్ని రీళ్లు చూసి చెబుతున్నారు?

ఓటీటీ సినిమాల మీద, సిరీస్‌ల మీద నేను రాసే రివ్యూలకు ఈ నెల ఉత్తరాలు కాస్త ఘాటుగా వచ్చాయి. గుంటూరు వాళ్లవి మరీనూ. అన్నీ వేయడానికి చోటు లేదు కాబట్టి పొగిడినవి పక్కన పెట్టాను.

కొత్తగా చదివేవారికి ఒక మాట. నేను సినిమా పండితుణ్ని కాను. 1979లో బెజవాడ గాంధీనగర్‌లో ఒక డిస్ట్రిబ్యూషన్ ఆఫీసులో రిప్రజెంటేటివ్‌గా చేరాను. ఫిల్మ్ పెట్టె వెంట ఊరూరా తిరగడం, హాల్లో తెగిన టికెట్లు లెక్కచూసుకోవడం, డీసీఆర్, అంటే ఆ రోజు వసూళ్ల లెక్క రాసిన కాగితం మీద మేనేజరు చేత సంతకం పెట్టించుకుని ఆఫీసుకు చేర్చడం, ఇదీ ఉద్యోగం. డిజిటల్ వచ్చి పెట్టెలు పోయాయి. పెట్టెలతో పాటే నేనూ ఇంటికొచ్చాను. ఇప్పుడు సత్యనారాయణపురంలో మా హాల్లో టీవీ ముందు కూర్చుని సినిమాలు చూసి మీకు రాస్తున్నాను.

ప్రశ్న: బాబాయ్ గారూ, పోయిన నెల మీరు ఒక క్రైమ్ సిరీస్ గురించి 'నడక లేదు, ఏడో ఎపిసోడ్‌లో మనుషులు ఎక్కడి నుంచో ఊడిపడతారు, వదిలేయండి' అని రాశారు. నేను ఎనిమిదీ చూశాను. ఆ మనుషులు ఊడిపడలేదు, ఐదో ఎపిసోడ్‌లో శుభ్రంగా నడుచుకుంటూ వచ్చారు. కథ మొత్తం తిరగబడేది కూడా అక్కడే. దాని గురించి మీరు ఒక్క ముక్క రాయలేదు. అసలు మొత్తం చూశారా? నిజం చెప్పండి.
(ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు)

చూడలేదమ్మా. అడిగారు కాబట్టి జరిగింది జరిగినట్టు చెబుతాను.

ఆ రాత్రి భోంచేసి తొమ్మిదింటికి మొదలుపెట్టాను. ఒక్కోటి నలభై నిమిషాలు. మూడు ఎపిసోడ్లు కళ్లారా చూశాను. నాలుగోదానికి పేర్లు పడుతుండగా నడుము నొప్పిగా ఉందని పడక కుర్చీ కొంచెం వెనక్కి వాల్చాను. అంతే. మళ్లీ నాకు తెలిసింది 'ఇంకా చూస్తున్నారా?' అని టీవీ అడుగుతున్నప్పుడే. గడియారం ఒంటిగంట చూపిస్తోంది. మా ఆవిడ ఎప్పుడో లైటు తీసేసింది, నా మీద దుప్పటి కూడా కప్పింది. నేను రోషంగా 'చూస్తున్నాను' అని నొక్కి ఏడు, ఎనిమిది పూర్తిచేశాను. పొద్దున్న లేచి చూస్తే ఎనిమిదింటి కిందా ఎర్ర గీత నిండుగా ఉంది. గీత నిండింది కదా, చూసినట్టేననుకుని రివ్యూ రాసి పంపేశాను. మధ్యలో మూడు ఎపిసోడ్ల పాటు గురక పెట్టిన సంగతి నాకు గుర్తుకు రాలేదంటే మీరు నమ్మరు. గుర్తుకొచ్చింది. కథ అర్థమైంది కదా, ఏం పోయిందిలే అనుకున్నాను.

ఇది నాకు రెండోసారి. ఎనభైల్లో కృష్ణా జిల్లాలో ఓ పల్లెటూరి హాలుకు పెట్టె తీసుకెళ్లాను. రెండో ఆటకి ఆపరేటరు తొమ్మిదో రీలు వేయాల్సిన చోట పదో రీలు వేశాడు, ఆ తర్వాత తొమ్మిది వేశాడు. పదో రీలులో తండ్రి ఫొటోకి దండ వేసి ఉంది, ఇంటిల్లిపాదీ ఏడుస్తున్నారు. తర్వాతి రీలులో అదే తండ్రి పీట మీద కూర్చుని పప్పులో ఉప్పు తక్కువైందని భార్యని కేకలేస్తున్నాడు. హాలు ఒక్క నిమిషం గుసగుసలాడింది. నేల టికెట్ జనంలోంచి ఎవడో 'ఫ్లాష్‌బ్యాకురా' అని అరిచాడు. అంతే, అందరూ సర్దుకుని చూశారు. నేనూ సర్దుకున్నాను. మర్నాడు ఆఫీసులో 'సెకండాఫ్‌లో ఫ్లాష్‌బ్యాక్ గందరగోళంగా ఉందండీ' అని టాక్ చెప్పాను. మా మేనేజరు గారు కళ్లద్దాలు తీసి, 'ఆ సినిమాలో ఫ్లాష్‌బ్యాకే లేదు కదయ్యా' అన్నారు. ఆ తర్వాత చాన్నాళ్లు నన్ను ఆఫీసులో 'ఫ్లాష్‌బ్యాక్ గారూ' అనే పిలిచారు.

మీ ఉత్తరం అందాక నాలుగు, ఐదు, ఆరు పగలు పూట, కుర్చీ నిటారుగా పెట్టుకుని చూశాను. ఐదోది బాగుంది. ఆ ముసలావిడ గుమ్మంలో నిలబడి చెప్పులు విప్పే తీరులోనే ఆ ఇల్లు ఆవిడదని తెలిసిపోతుంది, ఒక్క డైలాగూ లేదు. కాబట్టి 'ఊడిపడతారు' అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. 'నడక లేదు' అన్నది మాత్రం తీసుకోను. ఆ మలుపు రావడానికి ముందు నాలుగు ఎపిసోడ్లు, 160 నిమిషాలు. పాత లెక్కలో వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలు, అంటే పద్నాలుగు రీళ్లు దాటాక కథ మొదలైంది. పద్నాలుగు రీళ్లు అయ్యాక ఇంటర్వెల్ కార్డు వేస్తే మా రోజుల్లో గేట్ కీపరు బతికి బట్టకట్టేవాడు కాదు. 'కొంచెం ఓపిక పట్టండి, తర్వాత బాగుంటుంది' అని మీరు మీ చెల్లెలికి చెప్పుకోవచ్చు. తీసినవాడు ప్రేక్షకుడికి చెప్పకూడదు.

ఈ నెల నుంచి ప్రతి రివ్యూ కింద ఎన్ని ఎపిసోడ్లు చూశానో, ఎన్ని విడతల్లో చూశానో వేస్తాను. నిద్రపోతే అదీ వేస్తాను.

ప్రశ్న: మాది ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డు. కొత్తగా 55 అంగుళాల టీవీ కొన్నాం. మీరు ఫొటోగ్రఫీ అద్భుతం అన్న సినిమా మా టీవీలో మధ్యాహ్నం సీరియల్లా ఉంది. మాటలు వినపడవు. వినపడేలా పెంచితే ఫైట్ వచ్చినప్పుడు పక్కింటివాళ్లు తలుపు కొడుతున్నారు. తప్పు టీవీదా, సినిమాదా, మీదా?
(ఒక పాఠకుడు, విజయవాడ)

బొమ్మ సంగతి అయితే టీవీదే తమ్ముడూ.

సినిమాకి సెకనుకు 24 బొమ్మలు. క్యాబిన్‌లో ప్రొజెక్టరు గేటు దగ్గర ఒక్కో బొమ్మా ఆగి ఆగి వెళ్లేది, ఆ టకటకలోనే మనకు సినిమా అనిపించే గుణం ఉంది. వీడియో కెమెరాతో తీసిన పాత టీవీ సీరియల్ బొమ్మ సెకనుకు 50 సార్లు మారేది, అందుకే అది నున్నగా జారిపోతున్నట్టు ఉంటుంది. మీ కొత్త టీవీ ఏం చేస్తోందంటే, సినిమాలోని రెండు బొమ్మల మధ్య తనకు తోచిన బొమ్మలు సొంతంగా తయారుచేసి దూరుస్తోంది. క్రికెట్‌కి బాగానే ఉంటుంది, బంతి చెదరకుండా కనపడుతుంది. సినిమాకి పెడితే హీరో చెయ్యి తిప్పినా నూనె రాసినట్టు ఉంటుంది. మీరు బాడీ కట్టి, పెయింటరు పువ్వులూ నెమళ్లూ వేసి పంపాక, లారీ ఓనరు దాని మీద ఇంకో పూత నిగనిగలాడే వార్నిష్ కొట్టించుకున్నట్టు.

సెట్టింగ్స్‌లో పిక్చర్ అని ఉన్న చోటికి వెళ్లండి. ఎల్‌జీ అయితే ట్రూమోషన్, సోనీ అయితే మోషన్‌ఫ్లో, శాంసంగ్ అయితే ఆటో మోషన్ ప్లస్ లేదా పిక్చర్ క్లారిటీ అని ఉంటుంది. అది ఆపేయండి. ఫిల్మ్‌మేకర్ మోడ్ అని ఉంటే ఒక్క నొక్కుతో ఆ పని అయిపోతుంది. మొదటి పది నిమిషాలు బొమ్మ కాస్త మసకగా, పసుపుగా ఉందనిపిస్తుంది. షోరూములో గోడ నిండా టీవీలు పెట్టి పోటీగా వెలిగించిన కాంతికి కళ్లు అలవాటుపడ్డాయి, అంతే. ఓర్చుకోండి.

శబ్దం సంగతి వేరు. సినిమా సౌండ్ 5.1కి, అంటే ఐదు స్పీకర్లకీ ఒక బాస్ పెట్టెకీ కలిపినప్పుడు మాటలు ఎక్కువగా తెర మధ్యనున్న స్పీకరుకి వెళ్తాయి. మీ టీవీకి ఆ మధ్య స్పీకరు లేదు, కింద రెండు చిన్నవి ఉన్నాయి, అవీ నేల వైపో గోడ వైపో చూస్తుంటాయి. ఆడియో మెనూలో 5.1తో పాటు స్టీరియో కూడా కనపడితే స్టీరియో ఎంచుకోండి, చాలావరకు తేడా తెలుస్తుంది.

ఇంత తెలిసిన నేనే ఆమధ్య ఒక సినిమా గురించి 'సౌండ్ మిక్సింగ్ నాసిరకం, మాటలు గుడ్డలో చుట్టినట్టున్నాయి' అని రాశాను. సెలవులకొచ్చిన మా మనవరాలు టీవీ దగ్గరికి వెళ్లి చూసి, 'తాతయ్యా, నిజంగానే గుడ్డ ఉంది' అంది. మా ఆవిడ టీవీ స్టాండుకని క్రోషా అల్లి వేసింది, దాని అంచు సరిగ్గా స్పీకర్లకు అడ్డంగా వేలాడుతోంది. ఆ సినిమా సౌండ్ ఇంజనీరు ఎవరోగానీ, ఆయనకు నా క్షమాపణలు. క్రోషా గుడ్డ తీయించడానికి ఇంట్లో ఇంకా చర్చలు జరుగుతున్నాయి.

ప్రశ్న: మీరు స్టార్లు ఎందుకివ్వరు? రెండున్నరా, మూడా అని చెబితే చదివే పని తప్పుతుంది కదా.
(ఒక పాఠకుడు, గవర్నర్‌పేట)

అందుకే ఇవ్వనండీ. గాంధీనగర్ ఆఫీసుల్లో సినిమాకి స్టార్లు లేవు. 'ఎ' సెంటర్లో, అంటే పెద్ద ఊళ్లలో ఎన్ని రోజులు, 'బి' సెంటర్లో, అంటే చిన్న పట్టణాల్లో ఎన్ని, 'సి' సెంటర్లో, అంటే పల్లెటూళ్లలో పడిందా లేచిందా, ఇదే మాట. అందులో 'ఎవరికి నచ్చింది' అన్నది ఉంది. రెండున్నరలో అది లేదు. నెట్‌ఫ్లిక్స్ వాడే 2017 ఏప్రిల్లో అయిదు స్టార్లు తీసేసి బొటనవేలు పైకీ కిందకీ పెట్టాడు. ఆ బొటనవేలు కూడా నాకు వద్దు.

ప్రశ్న: అంకుల్, నేను బీటెక్ మూడో సంవత్సరం. ఓటీటీ సినిమాల మీద యూట్యూబ్‌లో తెలుగు రివ్యూలు చేస్తున్నాను. ముప్పై సెకన్లలోపు క్లిప్ వాడితే కాపీరైట్ రాదని ఫ్రెండ్స్ అన్నారు, వాడాను, వచ్చింది. ఇంకోటి, ఒక ప్రమోషన్ ఏజెన్సీ వాళ్లు 'పాజిటివ్‌గా చెప్పండి, పేమెంట్ ఉంటుంది' అని మెసేజ్ పెట్టారు. తీసుకోవచ్చా? తొందరగా రివ్యూ పెట్టాలంటే టెలిగ్రామ్‌లో ముందే ప్రింట్ దొరుకుతోంది, అది చూడొచ్చా?
(పటమట, విజయవాడ)

మూడోదానికి ముందు జవాబు. చూడొద్దు. సినిమా హాల్లో దొంగచాటుగా రికార్డు చేసినా, అలాంటిది పంచినా 2023లో సవరించిన సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం మూడు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, మూడు లక్షలకు తగ్గని జరిమానా. చూసినవాణ్ని పట్టుకెళ్తారని బెదిరించడం లేదు నాయనా. ఎవడి తలకాయో అడ్డొచ్చిన ప్రింటు చూసి కెమెరా పనితనం మీద ఏం చెబుతావని అడుగుతున్నాను.

క్లిప్పుల సంగతి. ముప్పై సెకన్ల మాట చట్టంలో ఎక్కడా లేదు. కాపీరైట్ చట్టం 1957లో 52వ సెక్షన్ ఉంది, విమర్శ కోసమో సమీక్ష కోసమో న్యాయమైన మేరకు వాడుకుంటే ఉల్లంఘన కాదంటుంది. ఎంత మేరకు న్యాయం అన్నది సెకన్లలో కొలవరు. ఆ క్లిప్ మీద నువ్వేమైనా చెబుతున్నావా, లేక నీ మాటల వెనక ఊరికే ఆడిస్తున్నావా అన్నది ముఖ్యం. ఒక షాట్ ఆపి 'ఇక్కడ లైటు కిటికీలోంచి రావాలి, కానీ నీడ అటు పడింది' అన్నావనుకో, అది సమీక్ష. ఫైట్ మొత్తం ఆడిస్తూ 'మాస్ అండీ మాస్' అంటే కాదు. అయితే యూట్యూబ్‌లో మొదట పట్టేది జడ్జి కాదు, యంత్రం. అది బొమ్మనీ పాటనీ పోల్చి క్లెయిమ్ వేసేస్తుంది. క్లెయిమ్ వేరు, స్ట్రైక్ వేరు. క్లెయిమ్ వస్తే చాలావరకు ఆ వీడియో డబ్బులు వాళ్లకు పోతాయి. స్ట్రైక్ అంటే హక్కుదారు ఫిర్యాదు మీద వీడియో తీసేసి వేసే హెచ్చరిక, 90 రోజుల్లో అలాంటివి మూడు పడితే మాత్రం ఛానలే పోవచ్చు. నీకు వచ్చిందేమిటో సరిగ్గా చదువుకుని, న్యాయం నీ వైపుంటే అభ్యంతరం పెట్టు. లేకపోతే పోస్టరు పక్కన నీ ముఖం పెట్టి మాట్లాడు. నీ మాట బాగుంటే వింటారు.

ఇక డబ్బు. ప్రకటనల మండలి, అదే ఆస్కీ, 2021లోనే నియమం పెట్టింది. డబ్బు గానీ కానుక గానీ తీసుకుని చెబితే అది యాడ్ అని కనపడేలా ముందే చెప్పాలి, కింద నలభై హ్యాష్‌ట్యాగుల మధ్య దాచకూడదు. జనాన్ని తప్పుదోవ పట్టించే ప్రచారం చేస్తే వినియోగదారుల రక్షణ చట్టం కింద మొదటిసారికే పది లక్షల దాకా జరిమానా వేయవచ్చు. 'యాడ్' అని పెట్టి తీసుకుంటే తప్పు లేదు, కానీ దాన్ని రివ్యూ అనకు.

నేనేదో నిప్పులాంటివాణ్నని చెప్పుకోవడం కాదు. ఒకసారి గుంటూరులో, మొదటి ఆటకి సగం కుర్చీలు ఖాళీగా ఉండగా నిర్మాత తరఫు మనిషొకాయన వచ్చి నాకో బిరియానీ పొట్లం, రెండొందల రూపాయలు ఇచ్చాడు. బయట హౌస్‌ఫుల్ బోర్డు వేలాడదీయిస్తామనీ, ఆఫీసులో 'టాక్ బాగుంది' అని చెప్పమనీ. రెండొందలు వెనక్కి ఇచ్చేశాను. బిరియానీ తిన్నాను, మధ్యాహ్నం నుంచి ఏమీ తినలేదు మరి. డీసీఆర్‌లో అంకెలు ఉన్నవి ఉన్నట్టే వేశాను. కానీ మర్నాడు మేనేజరు గారు 'సినిమా ఎలా ఉంది' అని అడిగితే 'ఫర్వాలేదండీ' అన్నాను. ఆ సినిమా ఫర్వాలేదనేలా లేదు. ఆ మాట నా చేత అనిపించింది బిరియానీయే. రెండొందలు తీసుకుని ఉంటే ఇంకేమనేవాణ్నో.

ప్రశ్న: హాల్లో వారం ఆడని సినిమా ఓటీటీలో 'నంబర్ వన్ ట్రెండింగ్' అంటున్నారు. ఎవరు లెక్కపెట్టారు? ఇంటింటికీ వచ్చారా?
(ఒక పాఠకుడు, కొత్తపేట, గుంటూరు)

ఏ కంపెనీ లెక్క ఆ కంపెనీయే వేసుకుంటుంది. దానికి రిప్రజెంటేటివ్ లేడు, అదే నా బాధ.

మా డీసీఆర్‌లో ఆట ఆటకీ, తరగతి తరగతికీ వేరే గడి ఉండేది. నేల ఎన్ని, బెంచీ ఎన్ని, కుర్చీ ఎన్ని, బాల్కనీ ఎన్ని. ఏ నంబరు టికెట్‌తో మొదలైంది, ఏ నంబరు దగ్గర ఆగింది. అందులోనూ దొంగలెక్కలు ఉండేవి, లేవనను. కానీ నేను హాల్లో నిలబడి తలలు లెక్కపెట్టుకోవచ్చు.

నెట్‌ఫ్లిక్స్ 2023 నుంచి ఒక పద్ధతి పెట్టుకుంది. జనం చూసిన మొత్తం గంటల్ని ఆ సినిమా నిడివితో భాగిస్తే వచ్చేదే 'వ్యూస్'. వినడానికి బాగానే ఉంది. రెండున్నర గంటల సినిమా అనుకోండి. మీ వీధిలో అయిదుగురు తలా అరగంట చూసి, విసుగొచ్చి ఆపేశారు. మొత్తం రెండున్నర గంటలు. అంటే ఒక వ్యూ. ఒక్కడూ శుభం కార్డు దాకా చూడలేదు, లెక్కలో మాత్రం ఒకడు మొత్తం చూసినట్టు ఉంటుంది.

నాకు టికెట్ల కన్నా నమ్మకమైన లెక్క ఇంకోటి ఉండేది, సైకిల్ స్టాండు. ఇంటర్వెల్‌కి ముందు ఓసారి, పన్నెండో రీలు నడుస్తుండగా ఓసారి వెళ్లి చూసేవాణ్ని. సినిమా బాగుంటే సైకిళ్లు ఉన్నచోటే ఉండేవి. బాగోకపోతే స్టాండు కుర్రాడు చిల్లర వెతుక్కుంటూ ఊపిరాడకుండా ఉండేవాడు. ఏ సీను దగ్గర ఎంతమంది లేచిపోయారో ఓటీటీ కంపెనీల దగ్గర నిమిషాలతో సహా ఉంటుంది. వాళ్ల సైకిల్ స్టాండు మనల్ని చూడనివ్వరు, అంతే తేడా.

అలాగని హాల్లో పోయిన సినిమా ఇంట్లో నచ్చడం అబద్ధమేమీ కాదు. నలుగురు కుటుంబంతో వెళ్లి టికెట్లకీ, పార్కింగ్‌కీ, పాప్‌కార్న్‌కీ తగలేసి చూసినప్పుడు మనిషి కోర్టులో జడ్జిలా కూర్చుంటాడు. ఇంట్లో నైటీలో, లుంగీలో కూర్చుని చూస్తే దయ పుడుతుంది. 2022 ఆగస్టులో తెలుగు నిర్మాతలు షూటింగులు ఆపుకుని మరీ, విడుదలైన ఎనిమిది వారాల తర్వాతే ఓటీటీకి అనుకున్నారు. నాలుగు వారాలకే ఇంటికొచ్చేసే సినిమాలు ఇప్పుడూ ఎన్నో చూస్తున్నాం. జనం ఆ నాలుగు వారాలూ ఆగడం నేర్చుకున్నారు.

ప్రశ్న: మనవడికి పన్నెండేళ్లు. మీరు 'ఇంటిల్లిపాదీ చూడొచ్చు' అన్న సిరీస్ వాడితో కూర్చుని చూస్తే రెండో ఎపిసోడ్‌లోనే చెవులు మూసుకోవాల్సి వచ్చింది. వీటికి సెన్సార్ లేదా? మీకైనా ఉండొద్దా?
(ఒక తాతయ్య, అరండల్‌పేట, గుంటూరు)

అయ్యా, తప్పు నాదే. నేను ఆ సిరీస్‌ని దాని అసలు భాషలో చూశాను, అర్థంకాని భాషలో తిట్టు తిట్టులా వినపడలేదు. మీరు తెలుగు డబ్బింగ్‌లో విన్నారు. మన మాటలో వినేసరికి అది సూటిగా తగిలింది. తర్వాత నేనూ తెలుగులో పెట్టి విన్నాను. కొన్నిచోట్ల డబ్బింగ్ రాసినాయన అసలు కన్నా రెండాకులు ఎక్కువే చదివాడు.

సినిమా హాలుకొచ్చే బొమ్మకు సెన్సార్ బోర్డు సర్టిఫికెట్ ఉంటుంది. ఓటీటీకి ఆ బోర్డుతో పనిలేదు. 2021 ఫిబ్రవరిలో వచ్చిన ఐటీ నియమాల ప్రకారం కంపెనీయే తన సరుకుకి వయసు గుర్తు వేసుకోవాలి. యు, యు/ఎ 7 ప్లస్, 13 ప్లస్, 16 ప్లస్, ఎ అని. 13 ప్లస్, ఆ పైవాటికి తల్లిదండ్రులు తాళం వేసుకునే వీలుండాలి. మీ మనవడి పేరున వేరే ప్రొఫైల్ పెట్టి, మీ ప్రొఫైల్‌కి నాలుగంకెల పిన్ పెట్టుకోండి. పుట్టిన సంవత్సరం పెట్టకండి, వాడికి తెలుసు. గుర్తే తప్పు వేశారనిపిస్తే ఆ కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయండి, పదిహేను రోజుల్లో తేల్చి మీకు చెప్పాలి.

మా ఇంట్లో ఒక పాత పద్ధతి ఉంది. అలాంటి సీను వచ్చేలా ఉంటే మా ఆవిడ 'పాలు పొంగుతున్నాయేమో' అని లేస్తుంది, మా కోడలు ఫోన్ వెతుక్కుంటుంది, నేను కళ్లద్దాలు తుడుచుకుంటాను. స్టవ్ మీద పాలు ఉండవు. ఇకనుంచి పాలు ఎన్నిసార్లు పొంగాయో రివ్యూలో రాస్తాను. తెలుగు డబ్బింగ్ విన్నాకే రాస్తాను.

ప్రశ్న: కొరియన్ సిరీస్‌లు తెలుగు డబ్బింగ్‌లో చూడాలా, సబ్‌టైటిల్స్‌తోనా?
(ఒక పాఠకురాలు, కృష్ణలంక)

చేతులు ఖాళీగా ఉంటే సబ్‌టైటిల్స్‌తో. మా ఆవిడ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ చూస్తుంది కాబట్టి మా ఇంట్లో డబ్బింగే. సబ్‌టైటిల్స్ పెట్టిన రోజు కూరలో ఈనెలొచ్చాయి.

ప్రశ్న: గుంటూరు కథ అయితే చాలు, మీరు రెండు మార్కులు ఎక్కువేస్తారని మా ఇంట్లో పందెం. 'మిడిల్ క్లాస్ మెలొడీస్' గురించి మీరు ఎన్నిసార్లు రాశారో లెక్కపెట్టాను, నాలుగు. ఒప్పుకుంటారా?
(ఒక పాఠకురాలు, కొరిటెపాడు, గుంటూరు)

ఒప్పుకుంటాను. ఇది అయిదు.

గుంటూరులో హోటలు పెట్టి తన బొంబాయి చట్నీ జనం చేత తినిపించాలనుకునే కుర్రాడి కథ. నాకు గుంటూరు అత్తవారి ఊరు, పక్షపాతం లేదంటే మా ఆవిడే నమ్మదు. అయితే ఆ సినిమా నన్ను పట్టుకోవడానికి ఊరొక్కటే కారణం కాదు. అది 2020 నవంబరు 20న నేరుగా ప్రైమ్ వీడియోలో వచ్చింది. కరోనాతో మూతపడ్డ హాళ్లు ఇంకా సరిగ్గా తెరుచుకోని రోజులు. అంటే గుంటూరు మీద తీసిన సినిమాకి గుంటూరులో మొదటి రోజు మొదటి ఆట లేదు. మా లెక్కలో కృష్ణా వేరు, గుంటూరు వేరు, దేని పెట్టె దానిదే, దేని టాక్ దానిదే. ఏ మాటకి నేల ఈల వేస్తుందో, ఏ వీధి కనపడగానే 'అదిరా మన సెంటర్' అని అరుస్తారో, అది చెవులతో వింటే తప్ప నాకు సినిమా చూసినట్టుండదు. ఆ సినిమాకి అది ఎవరూ వినలేదు. ఎవరి ఇంట్లో వాళ్లు నవ్వుకున్నారు. నాలుగుసార్లు రాసింది బహుశా అందుకే.

పోయిన సంక్రాంతికి కొరిటెపాడులోనే మా బావమరిది ఇంట్లో దాన్ని మళ్లీ పెట్టించాను. పదకొండు మందిమి, నేల మీద చాపలు, రెండు కుర్చీలు, ఒక మంచం. హాలు లెక్కే. నేను తెర చూడలేదు, వెనక గోడకి ఆనుకుని వాళ్లని చూస్తూ కూర్చున్నాను. చాలాసేపు ఎవరూ ఏమీ అనలేదు. నాకు గుబులు పట్టుకుంది. చట్నీ గిన్నె తెర మీదికి వచ్చేసరికి, అప్పటిదాకా అరిసెలు సర్దుకుంటున్న మా అత్తయ్య గారు తలెత్తి చూశారు. ఆవిడకి ఎనభై నాలుగు.

'శనగపిండి పచ్చివాసన పోనివ్వలేదర్రా ఆ అబ్బాయి,' అన్నారు.